చేమాకు మీద చుక్కలా: రెయిన్‌కోట్‌కి నీరంటని గుణం తిరిగి తెచ్చుకోవడం ఎలా

రెయిన్‌కోట్ కారిపోతోందని కొత్తది కొనే ముందు ఒక చెంబుడు నీళ్లు తీసుకుని అరుగు మీద కూర్చోండి. కోటు భుజం భాగాన్ని ఒళ్లో పరుచుకుని వేళ్లతో నాలుగు చుక్కలు చల్లండి. పెరట్లో చేమాకు మీద వాన పడితే చుక్క ఎలా ఉంటుందో మీకు తెలుసు. గుండ్రంగా నిలబడి, ఆకు కదిపితే దొర్లి పడిపోతుంది. ఆకు మాత్రం పొడిగానే ఉంటుంది. కోటు మీద చుక్క కూడా అలా దొర్లితే పైపూత బాగున్నట్టే. అలా కాకుండా చుక్క పరుచుకుని, రెండు మూడు నిమిషాల్లో ఆ చోట బట్ట రంగు ముదిరితే పూత పని చేయడం మానేసింది. కానీ అది చిల్లు కాదు. ఎక్కువ సందర్భాల్లో ఒక్క ఉతుకు ఉతికి, కాస్త వేడి ఇస్తే కోటు మళ్లీ దారిలోకి వస్తుంది.

నాకీ సంగతి ఆలస్యంగా తెలిసింది. రాజోలు వైపు నుంచి పాలకొల్లుకి రోజూ బండి మీద వెళ్లే ఉద్యోగం నాది. ముసురు పట్టిన రోజున చించినాడ వంతెన ఎక్కితే వశిష్ఠ గోదావరి మీది గాలికి వాన పైనుంచి కాకుండా పక్కనుంచి కొడుతుంది. మొదటి ఏడాది చుక్క నీరు లోపలికి రానివ్వని కోటు, రెండో ఏడు ఆషాఢానికే తడిసి బరువెక్కి, భుజాల దగ్గరా మోకాళ్ల దగ్గరా చల్లగా ఒంటికి అతుక్కోవడం మొదలుపెట్టింది. మా వీధిలో బట్టలు కుట్టే ఆయనకి చూపిస్తే "కుట్లు బానే ఉన్నాయండి, గుడ్డే పోయిందండి" అన్నారు. పోయింది గుడ్డ కాదు. బురద వదలాలని నేనే వారం వారం దాన్ని సబ్బుపొడిలో రాత్రంతా నానబెట్టి, వాసన కోసం ఆఖర్న ఫాబ్రిక్ కండిషనర్ కూడా వేశాను. దాంతో పైపూత పనిచేయకుండా పోయింది. ఆ కోటుని బాగుచేసుకుని ఇంకో మూడేళ్లు వాడాను.

అసలు కోటులో ఏముందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఇప్పుడు బండి మీద తిరిగేవాళ్లు వాడే మంచి కోట్లలో ఎక్కువ భాగం నైలాన్ లేదా పాలిస్టర్ బట్టతో చేసినవి. వాటిలో వానని ఆపేవి రెండు. లోపలి వైపు పల్చటి పొరలా అంటించిన పాలీయురెథేన్ పూత ఒకటి. నీటిని నిజంగా ఆపేది ఇదే. లేబుల్ మీద 3000 ఎం.ఎం. అని రాసి ఉంటే, మూడు మీటర్ల ఎత్తు నీటి స్తంభం నొక్కినా ఆ బట్ట ఓర్చుకుంటుందని అర్థం. రెండోది బయటి బట్ట పోగుల మీద కంటికి కనపడకుండా ఉండే పైపూత. చుక్కని దొర్లించేది ఇదే. ఇది అరిగిపోతే నీరు వెంటనే లోపలికి రాదు గానీ, బయటి బట్ట స్పంజిలా నీరు పీలుస్తుంది. కోటు బరువెక్కుతుంది, గాలికి ఒళ్లు చల్లబడుతుంది, లోపలి చెమట ఆవిరి బయటికి పోలేక అక్కడే నీరై మనకి అంటుకుంటుంది. కోటు కారిందని మనం అనుకుంటాం.

దాళ్వా కోతలయ్యాక మన చేలల్లోకి తోలే బాతుల మందల్ని చూడండి. ఎంత సేపు నీళ్లలో ఉన్నా బాతు ఈక తడవదు. తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసుకుని, రోజంతా ఈకల్ని శుభ్రం చేసుకుంటూ సర్దుకుంటూ ఉంటుంది. అదే బాతు సబ్బునీళ్లలో పడితే ఈకలు తడిసిపోతాయి, తేలడమే కష్టమవుతుంది. కోటు పైపూతకీ ఇదే లెక్క. బురద, చెమట, తలనూనె, మిగిలిపోయిన సబ్బు ఇవన్నీ నీటిని పిలుస్తాయి.

ముందు మీ కోటు ఏ రకమో చూడండి

ఇది చూడకుండా ఏ పనీ మొదలుపెట్టకండి. ఒక రకానికి మందైంది ఇంకో రకానికి విషం.

రోడ్డు పక్క దుకాణాల్లో దొరికే దళసరి ప్లాస్టిక్ కోటు పీవీసీ. అలాంటిదే పల్చగా, పాలరంగులో ఉండేది ఈవీఏ. వీటికి పైపూత ఉండదు, అసలు బట్టే ప్లాస్టిక్. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరేయడమే వీటికి చేసే సేవ. ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయర్ దగ్గరికి రానివ్వకండి, కరిగిపోతాయి. బండి సైలెన్సర్‌కి అంచు తగిలితే ఏమవుతుందో చాలామంది చూసే ఉంటారు. ఇవి కారితే చిల్లు పడిందని గానీ, అతుకు ఊడిందని గానీ అర్థం.

గుడ్డ మీద రబ్బరు పూసిన పాతకాలం కోట్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వీటికి నూనె, పెట్రోలు పడవు. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. చల్లటి నీళ్లతో కడిగి, మడతల్లో పౌడరు చల్లి వేలాడదీస్తే చాలా ఏళ్లు వస్తాయి.

మూడో రకం, ఈ వ్యాసమంతా ప్రధానంగా దేని గురించో అది: చేతికి బట్టలా తగులుతూ, లోపలి వైపు నున్నగా మెరిసే నైలాన్, పాలిస్టర్ కోటు. ఖరీదైన జాకెట్లలో పూతకి బదులు గాలాడే సన్నటి పొర ఉంటుంది. దానికీ ఈ పద్ధతే. అయితే ఒక మాట. గాలాడే పొర పనిచేయాలంటే లోపల ఆవిరి ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. శ్రావణంలో మన డెల్టా గాలే తడిగుడ్డలా ఉంటుంది. అందుకని చలిదేశంలో అంత హాయిగా ఉండే జాకెట్ ఇక్కడ అంత హాయినివ్వదు. మన ఊళ్లకి చంకల కింద జిప్పులు, వీపు వెనక గాలి దారులు ఉన్న మామూలు కోటే నయమని నా అభిప్రాయం.

రకం తేలాక కోటుని తిరగేసి లోపలి పూత చూడండి. వేలికి జిగటగా అంటుకుంటోందా? పాము కుబుసంలా పొరలు పొరలుగా ఊడుతోందా? పులిసిన వాసన వస్తోందా? అయితే ఆ పూత చచ్చిపోయింది. తేమ, వేడి కలిస్తే పాలీయురెథేన్ నెమ్మదిగా విరిగిపోతుంది. మన వాతావరణంలో ఆ రెండూ పుష్కలం. తడికోటుని డిక్కీలో కుక్కి ఎండలో బండి నిలబెడితే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. దీన్ని ఏ స్ప్రే బాగుచేయలేదు. దాని మీద డబ్బు పెట్టకండి.

పూత బాగానే కనిపించినా అనుమానంగా ఉంటే ఇలా పరీక్షించండి. కోటులో కుట్టు లేని చోటు ఒకటి తీసుకుని, బయటి వైపు పైకి ఉండేలా బక్కెట్ మూతి మీద గుంతలా వదులుగా పరచండి. గ్లాసుడు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగి కింద చేయి పెట్టి చూడండి. చేయి పొడిగా ఉంటే లోపలి పొర బతికే ఉంది. ఇదే పరీక్ష కుట్టు ఉన్న చోట చేస్తే నీరు దారం వెంబడి వస్తోందో లేదో తెలుస్తుంది.

ఉతకడం: సగం రోగం ఇక్కడే పోతుంది

దీనికి మంచి కాలం రోహిణి కార్తె. మే 25 దాటాక ఎండలు మండిపోతుంటాయి, మృగశిర రావడానికి ఇంకా రెండు వారాలుంటుంది, కోటుతో పని ఉండదు. వానల మధ్యలో చేయాల్సి వస్తే తెరిపి ఇచ్చిన రోజు పొద్దున్నే మొదలుపెట్టండి.

జేబులు ఖాళీ చేసి, జిప్పులన్నీ వేసి, అంటుకునే పట్టీలు మూసేయండి. మన ఒండ్రుమట్టి చాలా మెత్తటిది, తడిగా ఉన్నప్పుడు రుద్దితే పోగుల మధ్యలోకి దిగిపోతుంది. బాగా ఎండనిచ్చి మెత్తటి బ్రష్‌తో దులిపితే పొడిలా రాలిపోతుంది. కాలర్ లోపల, టోపీ అంచున చూడండి. అక్కడ కొబ్బరినూనె మరక నల్లగా పేరుకుని ఉంటుంది. ప్యాంటు కాళ్ల దగ్గర గొలుసు గ్రీజు ఉంటుంది. వీటి మీద గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్కో చుక్క వేసి, వేలితో మెల్లగా రుద్ది పది నిమిషాలు వదిలేయండి.

తరవాత టబ్బులో పది లీటర్ల నీళ్లు తీసుకోండి. గోరువెచ్చగా ఉండాలని లేబుల్ మీద రాసి ఉంటుంది గానీ మనకి మామూలు నీళ్లే గోరువెచ్చన. మధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్లు మాత్రం వాడకండి, అవి మరీ కాగిపోయి ఉంటాయి. సబ్బు విషయంలో జాగ్రత్త. ఇలాంటి బట్టల కోసమే అమ్మే ద్రవాలు ఉన్నాయి, నిక్‌వాక్స్ టెక్ వాష్ లాంటివి. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అది దొరక్కపోతే కండిషనర్ కలపని, ఘాటు లేని లిక్విడ్ డిటర్జెంట్ ఒకటి రెండు చెంచాలు చాలు. సబ్బుపొడి, బిళ్ల సబ్బు, బ్లీచింగ్, కండిషనర్ వద్దు. కండిషనర్ చేసే పనే పోగుల మీద మెత్తటి పొర వేయడం. ఆ పొర నీటిని పీలుస్తుంది. కుంకుడుకాయ రసం సహజమైంది కదా అని అడిగేవాళ్లున్నారు. దాని నురగ కూడా సబ్బులాగే పనిచేస్తుంది, పైగా లేతరంగు కోటుకి మరక పడుతుంది. నేను వాడను.

పది పదిహేను నిమిషాలు చేత్తో ఆడించండి. బండకేసి బాదడం, పిండడం అస్సలు వద్దు. పిండితే లోపలి పూత మడతల దగ్గర పగులుతుంది. వాషింగ్ మెషీన్‌లో వేసేవాళ్లు ముందు సబ్బు అర కడుక్కోండి, పాత పొడి, కండిషనర్ జిడ్డు అందులోనే ఉంటాయి. స్పిన్ ఆపేయండి. నీరు దూరని బట్ట తిరుగుతుంటే నీళ్లు మూటకట్టుకుని మెషీన్ ఒక పక్కకి ఎగిరిపడే ప్రమాదం ఉంది.

ఇక జాడించడం. నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైంది ఇదే, చాలామంది తొందరపడేదీ ఇక్కడే. నురగ పోయిందనిపించాక కూడా ఇంకో రెండు సార్లు నీళ్లు మార్చండి. సముద్రం వైపు ఊళ్లలో, సఖినేటిపల్లి, అంతర్వేది లాంటి చోట్ల, బోరునీళ్లలో ఉప్పదనం ఉంటుంది. గట్టినీళ్లలో సబ్బు విరిగి తెల్లటి మడ్డిలా బట్టకి అంటుకుంటుంది. అందుకని ఆఖరి జాడింపుకి కొళాయి మంచినీళ్లు గానీ వాననీళ్లు గానీ వాడండి. మా ఇంట్లో చూరు కింద పెట్టిన బిందెల్లో మొదటి వాన వదిలేసి రెండో వాన నీళ్లు పడతాం. దానికి మించిన మెత్తటి నీరు ఇంట్లో దొరకదు. జాడించిన నీళ్లని పంటకాలవలోకి, రొయ్యల చెరువులోకి పోనివ్వకండి.

నీడన, గాలి తగిలేచోట, లావుపాటి హ్యాంగర్ మీద ఆరేయండి. ముందు లోపలి వైపు, తరవాత బయటి వైపు. మండుటెండ పూతకీ రంగుకీ రెండింటికీ చేటు. పూర్తిగా ఆరాక మళ్లీ నాలుగు చుక్కలు చల్లి చూడండి. చుక్కలు దొర్లుతుంటే మీ పని అయిపోయింది. ఇంకేం కొనక్కర్లేదు.

వేడి

చుక్కలు సగం నిలబడి సగం పరుచుకుంటుంటే వేడి ఇవ్వాలి. పైపూత అంటే పోగుల మీద నిటారుగా నిలబడ్డ అతి సన్నటి వెంట్రుకల లాంటి అణువులు. రాపిడికీ మురికికీ అవి పడిపోతాయి. తుఫానుకి పడిపోయిన వరిని రైతులు దుబ్బులు దుబ్బులుగా చేర్చి కట్టి నిలబెడతారు కదా, ఇక్కడ ఆ పని వేడి చేస్తుంది.

మన ఇళ్లలో బట్టలు ఆరబెట్టే మెషీన్లు అరుదు. ఇస్త్రీ పెట్టెతోనే చేసుకోవచ్చు. ముందు కోటు లేబుల్ చూడండి. ఇస్త్రీ పెట్టె బొమ్మ మీద అడ్డగీత ఉంటే ఇస్త్రీ మానేసి హెయిర్ డ్రయర్ వాడండి. అడ్డగీత లేకపోతే పెట్టెని నైలాన్ దగ్గర, అంటే అన్నిటికంటే తక్కువ వేడి మీద పెట్టండి. ఆవిరి వద్దు. కోటు బాగా ఆరి ఉండాలి. దాని మీద పల్చటి పొడి నూలుగుడ్డ పరిచి, ఆ గుడ్డ మీంచి ఇస్త్రీ చేయండి. పెట్టెని ఒక్కచోట ఆపకండి. ముందు లోపలి మడత దగ్గర అరచేయంత చోటు చేసి చూసి, ఏమీ కాకపోతేనే మిగతాది. భుజాలు, వీపు పైభాగం, ముంజేతులు, తొడలు, వాన ఎక్కువగా కొట్టే ఈ చోట్ల రెండు మూడు సార్లు. కుట్ల వెనక టేపు ఉన్నచోట తేలిగ్గా పోనివ్వండి, ఎక్కువ వేడికి దాని జిగురు కదులుతుంది. రబ్బరు అచ్చు బొమ్మలూ, మెరిసే పట్టీలూ వదిలేయండి.

బండి మీద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే వాళ్లకి మాత్రం ఈ కోటు ఇవ్వకండి. వాళ్ల పనితనం మీద నాకు గౌరవమే, కానీ బొగ్గుల పెట్టెకి వేడి తగ్గించే మరలేదు. నైలాన్ క్షణంలో ముడుచుకుపోతుంది.

హెయిర్ డ్రయర్ అయితే జానెడు దూరంలో పట్టుకుని కదుపుతూ ఉండండి. చేయి పెట్టలేనంత వేడి అనిపిస్తే దూరం జరపండి. మొత్తం కోటుకి అరగంట పడుతుంది. పట్టణాల్లో డ్రయర్లు ఉన్న లాండ్రీల్లో ఇస్తే, తక్కువ వేడి మీద ఇరవై నిమిషాలు చాలని, డ్రైక్లీనింగ్ చేయొద్దని, గంజి పెట్టొద్దని చీటీ రాసి కోటుకి పిన్నుతో గుచ్చండి. నోటిమాటగా చెబితే మర్చిపోతారు.

పూత మళ్లీ వేయడం

ఉతికి, వేడి ఇచ్చి చూసినా చుక్క నిలబడకపోతే పూత నిజంగానే అరిగిపోయింది. అప్పుడు కొత్త పూత వేయాలి. రెండు రకాలున్నాయి. నీళ్లలో కలిపి కోటుని ముంచేది ఒకటి, పైన చల్లే స్ప్రే ఇంకోటి. ముంచేదాంతో లోపలి అస్తరుకి కూడా పూత పట్టి చెమట పీల్చడం మానేస్తుంది, అందుకని అస్తరు ఉన్న కోటుకి స్ప్రే మంచిది. అస్తరు లేని ఉత్త నైలాన్ కోటుకి ముంచేదైనా ఫరవాలేదు. డెకథ్లాన్ లాంటి దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవి ఉంటాయి.

కొనేటప్పుడు ఫ్లోరిన్ లేనిది చూసుకోండి. పాత తరం పూతల్లో పీఫాస్ అనే రసాయనాల కుటుంబం ఉండేది. అవి మట్టిలో, నీళ్లలో విరగకుండా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటిలో పీఎఫ్ఓఏ అనేదాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. కాలవలోకి వెళ్లింది చేలోకి, చెరువులోకి వెళ్లే ఊళ్లు మనవి. ఈ ఒక్క విషయంలో నాలుగు రూపాయలు ఎక్కువైనా వెనకాడకండి. ఫ్లోరిన్ లేని పూతకి ఒక లోపం ఉంది: నీటిని తోస్తుంది గానీ నూనెని తోయలేదు. తలకి కొబ్బరినూనె రాసుకునే మనం టోపీ లోపలా, కాలర్ దగ్గరా మరింత తరచుగా శుభ్రం చేసుకుంటే సరిపోతుంది.

స్ప్రే పని ఇలా చేయండి. కోటు అప్పుడే ఉతికి, నీరు కారడం ఆగి, ఇంకా తడిగా ఉండాలి. చాలా స్ప్రేలు తడిబట్ట మీదే సమంగా పడతాయి, సీసా మీద వేరేలా రాసి ఉంటే అలాగే చేయండి. పెరట్లో గానీ డాబా మీద గానీ హ్యాంగర్‌కి వేలాడదీసి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. ముక్కుకి మాస్కు కట్టుకోండి. తలుపులేసిన గదిలో చల్లకండి. నేను మొదటిసారి వాన పడుతోందని స్నానాలగదిలో చల్లి, ఆ రాత్రంతా దగ్గుతూ కూర్చున్నాను. ఆ తుంపర ఊపిరితిత్తులకి నిజంగా హాని చేస్తుంది. పసిపిల్లలు, కోళ్లు, పెంపుడు పిట్టలు దగ్గర లేకుండా చూసుకోండి.

జానెడు దూరం నుంచి పైనుంచి కిందికి చల్లండి. చేతుల కింద, టోపీ మడతల్లో, జిప్పు మీది పట్టీ వెనక కూడా. రెండు నిమిషాలాగి, తడిపి పిండిన మెత్తటి గుడ్డతో ఎక్కువైంది అద్దేయండి, లేకపోతే తెల్లటి చారలు పడతాయి. భుజాలకీ మోకాళ్లకీ రెండో పూత. పూర్తిగా ఆరాక, సీసా మీద వేడి ఇవ్వాలని ఉంటే పైన చెప్పిన ఇస్త్రీ. ఒక రోజు వదిలేసి చుక్కల పరీక్ష చేయండి.

కుట్లు, చిల్లులు, జిప్పులు

బండి మీద వెళ్లేవాళ్లకి అందరికంటే ముందు తడిసేది కూర్చునే చోటు. కారణం పూత కాదు, ఒత్తిడి. పడే చుక్క తోసేదాని కంటే తడిసీటు మీద మన బరువు తోసేది చాలా ఎక్కువ. దానికి తోడు అక్కడే నాలుగు కుట్లు కలుస్తాయి. లోపలి టేపు ఊడిందేమో చూడండి. కొద్దిగా లేచి ఉంటే గుడ్డ అడ్డం పెట్టి తక్కువ వేడితో నొక్కితే అతుక్కుంటుంది. పూర్తిగా ఊడితే పాతది లాగేసి, జిగురు మరకల్ని స్పిరిట్‌తో తుడిచి, కుట్టు మీద సీమ్ సీలర్ (కుట్టు రంధ్రాలు మూసే జిగురు) సన్నగా రాసి ఒక రాత్రి ఆరనివ్వండి. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ రబ్బరు కోటుకి బాగా పనిచేస్తుంది, పీవీసీ మీద నిలవదు. పీవీసీకి వినైల్ జిగురు కావాలి, అదే ప్లాస్టిక్ ముక్కతో అతుకు వేయాలి. జిప్పు గట్టిగా ఉంటే కొవ్వొత్తి రుద్దండి, నూనె వద్దు.

గొడుగుకి కూడా ఇదే వైద్యం. తెరిచి పెట్టి సబ్బులేని నీళ్లతో కడిగి, తెరిచే ఆరబెట్టి, డ్రయర్‌తో వేడి ఇస్తే చుక్కలు మళ్లీ జారతాయి. ఊచల కీళ్లకి ఒక్క చుక్క మెషీన్ ఆయిల్ చాలు, బట్టకి తగలకుండా.

నూలు బట్టకి పటిక పద్ధతి

మా నాన్నగారి తరంలో చేలోకి వెళ్లేవాళ్లకి తాటాకు గొడుగు, లేదంటే ఒక మూలని రెండో మూలలోకి తోసి తలమీద వేసుకునే గోనెసంచి. తరవాత యూరియా బస్తా వచ్చింది. ఇప్పటికీ నూలు కాన్వాస్ సంచులు, బండి మీద కప్పే గుడ్డలు వాడేవాళ్లు ఉన్నారు. వాటికి ఈ పాత పద్ధతి చక్కగా పనికొస్తుంది.

ఏడెనిమిది లీటర్ల వేడినీళ్లలో అరకిలో కంటే కాస్త తక్కువ బట్టల సబ్బు తురిమి కరిగించండి. డిటర్జెంట్ బిళ్ల కాదు, నూనెతో చేసిన అసలు సబ్బు కావాలి. బట్టని అందులో బాగా నానబెట్టి తీసి, నీరు కారాక ఆరేయండి. ఇంకో బక్కెట్‌లో అన్నే వేడినీళ్లలో పావుకిలో పటిక కరిగించి, బట్టని రెండు గంటలు ముంచి ఉంచండి. పటికలోని అల్యూమినియం సబ్బులోని కొవ్వుతో కలిసి నీళ్లలో కరగని మైనం లాంటి పదార్థమై పోగుల్లో ఉండిపోతుంది. పిండకుండా పరిచి ఆరబెట్టండి. వరద రోజుల్లో గోదారి ఎర్రనీళ్లు తేర్చడానికి కుండలో తిప్పే పటికే ఇది, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. జోరువానకి ఇది పూర్తిగా ఆగదు గానీ తుంపరకీ జల్లుకీ ఆగుతుంది. నైలాన్ కోటుకి ఈ పని చేయకండి.

రోజువారీ, సీజను చివర

ఇంటికి రాగానే గుమ్మం బయటే కోటు దులిపి, ఫ్యాను కింద లేదా వరండాలో హ్యాంగర్‌కి వేయండి. డిక్కీలో మడిచి పెట్టాల్సి వస్తే రాత్రికైనా తీసి ఆరేయండి. మీరు రొయ్యల చెరువు గట్ల మీద పనిచేసేవాళ్లయితే, రేవులో పంటు మీద రోజూ దాటేవాళ్లయితే, ఉప్పునీటి తుంపర పడిన రోజు మంచినీళ్లతో ఒకసారి కడగండి. చెరువులకి వాడే సున్నం, బ్లీచింగ్ పొడి పడితే వెంటనే. బరువైన భుజం సంచి పట్టీలు పూతని ముందుగా తినేస్తాయి, వీలైతే సంచిని కోటు లోపల గానీ బండి ముందు గానీ పెట్టుకోండి.

బూజు చుక్కలు కనిపిస్తే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డతో అద్ది, పావుగంటాగి కడిగేయండి. బ్లీచింగ్ జోలికి పోకండి.

రోజూ వాడేవాళ్లకి ఏడాదికి రెండు ఉతుకులు సరిపోతాయి: మృగశిరకి ముందు ఒకటి, దసరా రోజుల్లో ఒకటి. దసరాతో వానలు అయిపోయాయని మనం కోటు లోపల పెట్టేస్తాం. కానీ 1996లో కోనసీమని ముంచిన తుఫాను నవంబరు 6న వచ్చింది. కార్తీకం దాటేవరకూ కోటు చేతికందేచోటే ఉండాలి.

ఆ తరవాత దాచేటప్పుడు పూర్తిగా ఆరిందో లేదో జేబుల్లో చేయి పెట్టి చూడండి, తడి అక్కడే దాక్కుంటుంది. మడిస్తే మడత గీతల దగ్గర పూత పగులుతుంది, అందుకని వేలాడదీయండి. చోటు లేకపోతే వదులుగా చుట్టి నూలు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్‌లో బిగించొద్దు. నాఫ్తలీన్ ఉండలు పక్కన పెట్టొద్దు. మందులు, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు జేబుల్లో వేయండి.

ఇక పూత కుబుసంలా ఊడిపోయిన కోటు ఉంటే పారేయకండి. వీపు భాగం కత్తిరించి లోపలి పొట్టంతా గీకేస్తే బండి సీటు మీద దుమ్ముకి కవరు అవుతుంది. టోపీ, జిప్పు, మెరిసే పట్టీలు కుట్టుపని తెలిసినవాళ్లకి ఇస్తే ఇంకో కోటుకి అతుకు వేస్తారు. మా ఇంట్లో అలాంటి రెండు చేతుల ముక్కలు ఇప్పటికీ కొబ్బరి మొక్కల సంచులకి అడుగున పరుచుకుని ఉన్నాయి.